అరకు ఘాట్, స్టెల్వియో కనుమ: మోటర్‌హోమ్ చక్రాల కింద రెండు లోకాల రోడ్లు

విదేశాల్లో మోటర్‌హోమ్ అద్దెకు తీసుకుని తిరిగొచ్చినవాళ్ళు చెప్పే మొదటి కబురు రోడ్డు గురించే. ఐదొందల కిలోమీటర్లు పోయినా బల్ల మీద గ్లాసు కదల్లేదంటారు. వినేవాళ్ళలో సగంమంది, మన రోడ్ల మీద అలాంటి బండి తిప్పితే మూడో రోజుకి అల్మరా తలుపు ఊడి చేతికొస్తుందని తేల్చేస్తారు. మిగతా సగం ఊరుకోరు. ఆనందపురం నుంచి అనకాపల్లి దాకా ఆరు వరసల రోడ్డు చూశారా, దేనికి తీసిపోయిందని నిలదీస్తారు. కారవాన్ పర్యాటకం మాట మన దగ్గరా గట్టిగా వినబడుతున్న రోజుల్లో ఈ తగువు తరచుగా వస్తోంది, తెగడం లేదు. తెగదు కూడా. రోడ్డు అనే ఒక్క మాట కింద ఒకరు తారు నునుపును కొలుస్తున్నారు, ఒకరు వెడల్పును, ఇంకొకరు ఎదురొచ్చే ఆటోను. విడదీసి చూస్తే మనం గెలిచే చోట్లూ ఉన్నాయి, అవి చాలామంది అనుకునే చోట్లు కావు.

ముందు బండి కొలతలు

ఐరోపాలో కారవాన్ అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్ళే ఇల్లు. తన ఇంజన్‌తో తనే నడిచేది మోటర్‌హోమ్. మన వాడుకలో రెండూ కారవానే, సినిమావాళ్ళ వానిటీ వ్యాన్‌తో సహా. ఇక్కడి చర్చ ఇంజన్ ఉన్నదాని గురించి.

అక్కడ అద్దెకు దొరికేవాటిలో చాలా భాగం ఫియట్ డుకాటో అనే వ్యాను చాసీ మీద కట్టినవి. పొడవు 7 నుంచి 7.4 మీటర్లు, బాడీ వెడల్పు 2.3, ఎత్తు 2.9 నుంచి 3.1 మీటర్లు, నిండు బరువు 3,500 కిలోలు. లాగేది ముందు చక్రాలు. మన దగ్గర ఫోర్స్ ట్రావెలర్, టాటా వింగర్ లాంటి బళ్ళను మార్చి కడతారు. ట్రావెలర్‌ని తోసేది వెనక చక్రాలు. ఈ తేడా ఘాట్ ఎక్కేటప్పుడు బయటపడుతుంది. జర్మనీ బండినే తెచ్చుకోవచ్చు కదా అంటే, మన దిగుమతి నిబంధనలు ఎడమ స్టీరింగును ఒప్పుకోవు. పైగా ఆ బండికి ఇంటి తలుపు కుడిపక్కన ఉంటుంది. మన రోడ్డు వారన ఆపి తలుపు తీస్తే నేరుగా లారీల మధ్యలోకి దిగాలి.

కారు నడిపేవాళ్ళకి అలవాటులేని కొలత ఇంకొకటుంది. వెనక ఇరుసు దాటి బయటికి పొడుచుకొచ్చే తోక. డుకాటో మోటర్‌హోమ్‌లో అది 2 మీటర్ల పైమాటే. బ్రేకర్ల దగ్గరా మలుపుల దగ్గరా వచ్చే గొడవల్లో చాలావాటికి మూలం ఈ తోకే.

“మంచి రోడ్డు”కి రెండు అంకెలు

రోడ్డు ఎగుడుదిగుడును కొలవడానికి ప్రపంచమంతా వాడే లెక్కను ఐఆర్ఐ అంటారు. ఒక ప్రామాణిక కారు కిలోమీటరు దూరం వెళ్తే దాని సస్పెన్షన్ కిందికీ పైకీ మొత్తం ఎన్ని మీటర్లు కదిలిందో అదే ఐఆర్ఐ. 1 అంటే పట్టుబట్టలా నునుపు, 4 దాటితే కుదుపు. మన దగ్గర పాతకాలం నుంచీ బంప్ ఇంటిగ్రేటర్ అనే ఒంటిచక్రం పరికరాన్ని గంటకు 32 కిలోమీటర్ల వేగంతో లాగి, కిలోమీటరుకు ఎన్ని మిల్లీమీటర్లు ఎగిరిందో రాసుకుంటారు.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, అంటే ఐఆర్‌సీ, 2004 నాటి మార్గదర్శకంలో మేలురకం తారు రోడ్డు 2,000 మిల్లీమీటర్ల లోపుంటే మంచిదని, 3,000 దాటితే బాగోలేదని గీత గీసింది. ఈ అంకెను ఐఆర్ఐలోకి మార్చే సూత్రం ఒకటుంది: ఐఆర్ఐని 1.12 ఘాతానికి హెచ్చించి 630తో గుణిస్తే మన అంకె వస్తుంది. వెనక్కి లెక్కిస్తే 2,000 అంటే సుమారు 2.8, 3,000 అంటే సుమారు 4. అమెరికా ఫెడరల్ హైవే శాఖ 1.5 లోపు ఉంటేనే మంచి రోడ్డంటుంది, 2.7 దాటితే బాగోలేదంటుంది. ఆ 2004 కొలతతో మన ఇంజనీరు మంచిదని సంతకం పెట్టిన రోడ్డు, గీతకు ఆనుకుని ఉంటే, అక్కడి ఇంజనీరు దగ్గర ఫెయిలు. ఇద్దరూ నిజాయితీగానే కొలిచారు.

కారుకి 1.5కీ 2.8కీ తేడా కాస్త చప్పుడు, అంతే. మోటర్‌హోమ్ సంగతి వేరు. ఐరోపా బండి గోడలు పలచని ఫైబర్ రేకుల మధ్య నురుగు దిమ్మ పెట్టి జిగురుతో అతికినవి. ఒక చక్రం గోతిలో, ఎదురుమూల చక్రం గట్టు మీద ఉంటే పెట్టె మొత్తం మెలిపడుతుంది. మెలి పదేపదే పడితే మూలల్లో సీలెంటు చిట్లుతుంది, అక్కణ్ణించి వాననీరు లోపలికి దిగుతుంది. బయటికి ఏమీ కనబడదు. రెండేళ్ళకు గోడ మెత్తబడితే తెలుస్తుంది. నొక్కితే బిగిసే రకం నీళ్ళ పైపుల జాయింట్లు కూడా ఈ వణుకుకే వదులవుతాయి. బస్సు బాడీ పద్ధతిలో ఇనుప ఫ్రేము వేసి కట్టిన మన బళ్ళు బరువెక్కువ, డీజిల్ ఎక్కువ తాగుతాయి, కానీ ఈ మెలికి తట్టుకుంటాయి. అందుకని “వాళ్ళ బండి మన రోడ్డుకి ఆగదు” అన్నదాంట్లో నిజముంది. “మోటర్‌హోమే మన రోడ్డుకి పనికిరాదు” అన్నది అందులోంచి రాదు.

వెడల్పు, ఎత్తు: కాగితం మీద మనదే పైచేయి

జాతీయ రహదారిపై ఒక వరస వెడల్పు మన ప్రమాణం ప్రకారం 3.5 మీటర్లు. బ్రిటన్‌లో ప్రధాన రహదారులకు 3.65. తేడా జానెడు. వంతెన కింద ఎత్తు చూడండి. మన జాతీయ రహదారులకు 5.5 మీటర్లు ఉంచాలని నియమం. బ్రిటన్‌లో 5.03 మీటర్లకు తగ్గితేనే ఎత్తు బోర్డు పెడతారు, జర్మనీలో 4.5 మామూలు. మూడు మీటర్ల బండికి ఎక్కడైనా ఒకటే, కానీ మన హైవే ఇరుకన్న మాట మాత్రం నిలవదు.

ఇరుకు చూడాలంటే స్కాట్లండ్ వాయవ్య తీరానికి పోవాలి. అక్కడ చాలాచోట్ల ఒకే వరస రోడ్డు, అక్కడక్కడ ఎదురు బండికి తప్పుకోవడానికి చిన్న జేబులాంటి స్థలం. బెయలాక్ నా బా అనే కనుమ దగ్గర పెద్ద బళ్ళు, కారవాన్లు వెళ్ళొద్దని బోర్డే ఉంటుంది. జర్మన్ ఆటోబాన్‌పై మరమ్మతులు జరిగే చోట ఎడమ వరసను కుదించి, 2.1 మీటర్లు దాటిన బండి ఇటు రావొద్దని రాస్తారు. ఆ కొలత అద్దాలతో కలిపి. 2.3 మీటర్ల బాడీకి అద్దాలు కలిస్తే 2.7 దాటుతుంది, కాబట్టి మోటర్‌హోమ్ కుడి వరసలో లారీల వెనకే నడవాలి.

ఇన్ని ఇరుకులున్నా అక్కడ నడిపేవాళ్ళు బెంబేలెత్తకపోవడానికి కారణం ఆ బోర్డులే. ఇరుకు వచ్చే ముందే, వెనుదిరిగే చోటు ఉండగానే చెబుతారు. మన ఇబ్బంది హైవే దిగాక మొదలవుతుంది. 5.5 మీటర్ల ఫ్లైఓవర్ కిందనుంచి హాయిగా వచ్చిన బండి, ఊళ్ళో వీధికి అడ్డంగా వేలాడే కేబుల్ తీగల దగ్గర ఆగుతుంది. వాటి ఎత్తు ఏ బోర్డు మీదా ఉండదు. పాత రైల్వే అండర్‌బ్రిడ్జిలకు ఎత్తు రాసి ఉంటుంది, కానీ రోడ్డు మీద పొర మీద పొర తారు వేసుకుంటూ పోతే రాసిన ఎత్తు కాగితానికే మిగులుతుంది.

బ్రేకరు లెక్క

ఐఆర్‌సీ చెప్పిన బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్థం గల వంపు. గంటకు 25 కిలోమీటర్ల వేగంలో దాటేలా గీసినది. బ్రిటన్ నియమం కూడా 10 సెంటీమీటర్లు దాటనివ్వదు. కాగితం మీద ఇద్దరమూ ఒకటే.

కాలనీ వాళ్ళు రాత్రికి రాత్రి పోసిన బ్రేకరు తీసుకుందాం. ఎత్తు 15 సెంటీమీటర్లు, వెడల్పు ఒక మీటరు. ప్రమాణ బ్రేకరు అంచు దగ్గర వాలు సుమారు 6 డిగ్రీలు, దీని సగటు వాలు 17 డిగ్రీలు. మోటర్‌హోమ్ వెనక చక్రాలు దీన్ని దాటి కిందికి దిగిన క్షణంలో స్ప్రింగులు నొక్కుకుంటాయి. సరిగ్గా అప్పుడే తోక కింద వేలాడే వాడిన నీళ్ళ ట్యాంకు కుళాయి బ్రేకరు నెత్తిన ఉంటుంది. కుళాయి మామూలుగా నేలకు 20 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకోండి. స్ప్రింగు 6 నొక్కుకుంటే 14 మిగిలింది. ప్రమాణ బ్రేకరైతే 4 సెంటీమీటర్ల సందుతో బయటపడతాం. కాలనీ బ్రేకరైతే కుళాయి విరుగుతుంది. నిదానంగా, 5 కిలోమీటర్ల వేగంలో దిగితే స్ప్రింగు రెండు మూడు సెంటీమీటర్లకు మించి నొక్కుకోదు, గట్టెక్కుతుంది. కాబట్టి ప్రమాదమంతా తెల్లరంగు వెలిసిపోయి, బోర్డు లేక, చెట్టు నీడలో కలిసిపోయిన బ్రేకరుతోనే.

ఘాట్ మీద

విశాఖ నుంచి అరకు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక కొండ మొదలై టైడ, అనంతగిరి మీదుగా పైకి పోతుంది. అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. ఇటలీలో స్టెల్వియో కనుమ 2,757 మీటర్లు, ట్రఫోయ్ వైపునుంచి 48 హెయిర్‌పిన్ మలుపులు. చలికాలమంతా మంచుతో మూసేస్తారు. ఎత్తులో పోలికే లేదు గానీ, బండికి పెట్టే పరీక్ష రెండు చోట్లా ఒకటే.

మలుపు సంగతి ముందు. కొండ రోడ్డులో హెయిర్‌పిన్ లోపలి వంపు వ్యాసార్థం కనీసం 14 మీటర్లు, రెండు వరసల రహదారికి మలుపు దగ్గర వెడల్పు 11.5 మీటర్లు ఉండాలని ఐఆర్‌సీ అంటుంది. ఆ కొలతలో కట్టిన మలుపు ఏడు మీటర్ల బండికి విశాలమే. పాత రోడ్లు ఆ కొలతలకు ముందువి, స్టెల్వియో రోడ్డు 1820లలో గుర్రబ్బళ్ళ కోసం వేసింది. అందుకే అక్కడ పెద్ద మోటర్‌హోమ్ ఎదురు వరసను కూడా వాడుకోక తప్పదు.

ఇప్పుడు తోక. వెనక ఇరుసు మధ్యభాగం 6 మీటర్ల వ్యాసార్థంలో తిరుగుతోందనుకుంటే, బయటివైపు బాడీ అంచు ఇరుసు దగ్గర 7.15 మీటర్ల వలయం మీద ఉంటుంది. 2.2 మీటర్ల వెనకున్న తోక మూల 7.48 మీటర్ల వలయం మీద తిరుగుతుంది. అంటే చక్రం వెళ్ళిన దారికంటే తోక 33 సెంటీమీటర్లు బయటికి కొడుతుంది. పిట్టగోడను ఒరుసుకుని నిలిపిన బండిని గట్టిగా తిప్పి బయటికి తీస్తే గోడకు గీసుకునేది ముందు భాగం కాదు, ఇదే. బొంగు చికెన్ దుకాణాల దగ్గర ఆదివారంనాడు రెండు పక్కలా కార్లు ఆపి ఉన్నప్పుడు 33 సెంటీమీటర్లు చాలా పెద్ద దూరం.

ఎక్కేటప్పుడు బరువు ఎక్కడుందో చూడాలి. ఇరుసుల మధ్య 4 మీటర్లున్న బండికి, వెనక ఇరుసునుంచి 2.2 మీటర్ల దూరంలో సైకిళ్ళూ సామానూ కలిపి 150 కిలోలు తగిలిస్తే వెనక ఇరుసు మీద పడేది 150 కాదు, 232 కిలోలు. మిగతా 82 ముందు చక్రాల మీదనుంచి లేచిపోతాయి, తూకంబద్దలా. ముందు చక్రాలతో లాగే డుకాటో తడి రోడ్డు మీద, వాలు మలుపులో చక్రం జారి తిరిగేది ఇందుకే. ట్రావెలర్‌కి అదే బరువు పట్టునిస్తుంది.

దిగేటప్పుడు లెక్క వేడిది. 3,500 కిలోల బండి 900 మీటర్లు దిగితే వదిలించుకోవాల్సిన శక్తి సుమారు 31 మెగాజౌళ్ళు. విశాఖ వేడికి 30 డిగ్రీలున్న నీళ్ళు 105 లీటర్లు మరిగించడానికి సరిపోయే వేడి అది, పెద్ద డ్రమ్ములో సగం. ఇంజన్ బ్రేకింగూ గాలీ కొంత తీసుకుంటాయి. గేరు పెద్దది వేసి పెడల్ మీదే దిగితే ఆ వేడంతా నాలుగు బ్రేకుల్లోకి పోతుంది. డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పీల్చాక ఈ హద్దు 155కి పడిపోతుంది. సముద్రపు గాలిలో ఏళ్ళతరబడి నిలిచే బళ్ళకి ఈ తేమ బాధ ఎక్కువ. మరిగితే బుడగలొస్తాయి, బుడగ నొక్కితే కుంచించుకుపోతుంది, పెడల్ మెత్తగా నేలకు దిగుతుంది. ఎక్కిన గేరులోనే దిగాలన్న లారీ డ్రైవర్ల పాతమాట వెనక ఉన్న లెక్క ఇదే.

నియమాల్లో తేడా తక్కువ. ఇరుకైన చోట దిగే బండి ఎక్కేదానికి దారివ్వాలని 2017 నాటి మన డ్రైవింగ్ నిబంధనలు చెబుతున్నాయి. స్విట్జర్లండ్ కొండ రోడ్ల మీద పసుపుపచ్చ పోస్టు బస్సుకి అందరూ దారివ్వాలి, దాని డ్రైవర్ చెప్పినట్టు వెనక్కి తీయాలి. మన ఘాట్‌లో ఆర్టీసీ బస్సుకి జరిగే మర్యాద కూడా అదే, రాసిలేదు అంతే.

గంటకు ఎన్ని కిలోమీటర్లు

విశాఖ నుంచి విజయవాడకు 16వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 350 కిలోమీటర్లు. అందులో 300 కిలోమీటర్లు 80 వేగంతో, జంక్షన్లూ ఊళ్ళూ కలిసిన 50 కిలోమీటర్లు 30 వేగంతో పోయామనుకుందాం. మొదటిది 3 గంటల 45 నిమిషాలు, రెండోది గంటా 40 నిమిషాలు. సగటు 65. దూరంలో ఏడోవంతు ఉన్న ముక్క సమయంలో మూడోవంతు తినేసింది. జర్మనీలో 3.5 టన్నులు దాటిన మోటర్‌హోమ్‌కి ఆటోబాన్ మీదా 100 కిలోమీటర్ల హద్దుంది. ఆటోబాన్ అంటే హద్దులేని వేగమన్న ఊహ అంత బరువు బండికి వర్తించదు. అయినా సగటు 80 దాటుతుంది, ఎందుకంటే మధ్యలో 30కి పడేసే ముక్క రాదు. డివైడర్‌లో అడ్డదిడ్డంగా తెరిచిన దారులు, ఎదురు రూట్లో వచ్చే బైకులు, పంట కాలంలో సగం రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, లైట్లు లేకుండా ఎడమవారన ఆపిన లారీ ఉండవు. తారు ఎంత నునుపుగా ఉన్నా ఈ సగటు మారదు.

టోల్‌గేట్ దగ్గర

మన టోల్ 2008 నిబంధనల ప్రకారం బండి తరగతిని బట్టి. అప్పటి మూల రేట్లు కిలోమీటరుకు కారు, జీపు, వ్యానుకు 65 పైసలు, మినీబస్సుకు 1.05 రూపాయలు, బస్సుకు 2.20. తర్వాత ఏటా పెరిగినా వీటి మధ్య వరస అదే. కాబట్టి ఒకే సామాను ఉన్న రెండు కారవాన్లు రిజిస్ట్రేషన్ తరగతిని బట్టి వేర్వేరు టోల్ కడతాయి. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలకు మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాసు సొంత కారు, జీపు, వ్యానులకే. ఫ్రాన్స్‌లో టోల్ ఎత్తుని చూస్తుంది. బండి 3 మీటర్ల లోపుంటే రెండో తరగతి, తాకినా దాటినా మూడోది. ఆస్ట్రియాలో గీత బరువు దగ్గర. 3.5 టన్నుల దాకా కొన్ని రోజులకో ఏడాదికో ఒకేసారి కొనే పాసు, ఒక్క కిలో దాటినా ఇరుసుల లెక్కన కిలోమీటరుకింత.

మనవి ఎందుకు త్వరగా పాడవుతాయి

ఇక్కడ మూడు వాదనలున్నాయి, ఏ ఒక్కటీ పూర్తిగా చాలదు.

మొదటిది ఓవర్‌లోడు. 1958–60 మధ్య అమెరికాలోని ఇల్లినాయ్‌లో జరిపిన పరీక్షల్లో, ఇరుసు బరువు పెరిగితే రోడ్డుకు నష్టం దాని నాలుగో ఘాతంలో పెరుగుతుందని తేలింది. నాలుగు టైర్ల ఇరుసుకు మన హద్దు 2018 నుంచి 11.5 టన్నులు, ఐరోపాలో లాగే ఇరుసుకు కూడా 11.5. హద్దు సమానమే. కానీ 15 టన్నులు మోపితే నష్టం దాదాపు మూడింతలు. రెండు టన్నుల మోటర్‌హోమ్ ఇరుసు 3,000 సార్లు తిరిగితే కలిగే నష్టం ఆ 15 టన్నుల ఇరుసు ఒక్కసారి తిరిగితే కలుగుతుంది. ఓడరేవు, స్టీల్‌ప్లాంటు లారీలు తిరిగే గాజువాక వైపు ఈ వాదన సులభంగా నమ్మొచ్చు.

రెండోది వాన. తారుకీ కంకరకీ మధ్య నీరు చేరితే పట్టు వదులుతుంది, చక్రం నొక్కిన ప్రతిసారీ ఆ నీరు కంకరను లేపుతుంది. కానీ వాన నార్వేలోనూ తక్కువేం కాదు, అక్కడ పైగా మంచు పగుళ్ళు కూడా. తేడా కాలువల్లో ఉంది. రోడ్డు పక్క కాలువ పూడిపోతే నీరు తారు కిందే నిలుస్తుంది.

మూడోది బాధ్యత. హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతిలో, అంటే ప్రభుత్వం ఖర్చులో కొంత కట్టేటప్పుడే ఇచ్చి మిగతాది ఏళ్ళతరబడి వాయిదాల్లో ఇచ్చే పద్ధతిలో, కట్టిన జాతీయ రహదారిని కట్టిన సంస్థే 15 ఏళ్ళు చూసుకోవాలి, లేకపోతే చెల్లింపులో కోత పడుతుంది. ఊళ్ళోని రోడ్డుని ఒక శాఖ వేస్తుంది, పైపు కోసం ఇంకోటి తవ్వుతుంది, కేబుల్ కోసం మరోటి. తవ్విన గాడిని పొరపొరగా దిమ్మిస కొట్టకుండా పూడిస్తే మొదటి వానకే కుంగుతుంది. హైవే దిగగానే లోకం మారినట్టుండటానికి ఈ మూడోదే దగ్గరి కారణమనిపిస్తుంది.

అక్కడంతా సవ్యమనీ అనలేం. జర్మనీలో ఎ45 ఆటోబాన్ మీది రామెడె వంతెనను దాని ఉక్కు భాగాలు వంకరపోవడం వల్ల 2021 డిసెంబరులో మూసేసి 2023 మేలో పేల్చి కూల్చారు. గోతుల మీద బ్రిటన్‌లో జనం పడే విసుగు మన విసుగుకి తీసిపోదు.

రోడ్డు పక్కన ఏముంది

జర్మనీలో ఊరూరా మోటర్‌హోమ్‌లు నిలిపే స్థలాలున్నాయి. నీళ్ళు పట్టుకోవచ్చు, వాడిన నీళ్ళు వదలొచ్చు, టాయిలెట్ డబ్బా ఖాళీ చేయొచ్చు. ఫ్రాన్స్‌లోనూ అంతే, కాకపోతే మామూలు పార్కింగులో ఆగినప్పుడు కుర్చీలు, పందిరి బయటపెడితే అది క్యాంపింగ్ కిందికి వస్తుంది. మన దగ్గర బంకు, డాబా, రిసార్టు ఆవరణ రాత్రి ఆగడానికి దొరుకుతాయి, మంచినీళ్ళూ దొరుకుతాయి. చిక్కు 18 లీటర్ల టాయిలెట్ డబ్బాతోనే. దాంట్లో వేసే నీలంరంగు మందుల్లో కొన్ని ఫార్మాల్డిహైడ్ రకం. రిసార్టు సెప్టిక్ ట్యాంకులో అలాంటి డబ్బాలు పోస్తే మలాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు చచ్చి, ట్యాంకు కంపు కొట్టొచ్చు. తర్వాత వచ్చే కారవాన్‌ని ఆ రిసార్టు వాళ్ళు గేటు దగ్గరే ఆపేస్తారు. ఎంజైమ్ రకం మందుతో ఈ గొడవ లేదు, కాకపోతే మన ఎండకి దాని వాసన రెండో రోజుకే బండిలోకి వస్తుంది.